నమూనా రోగి

పోయిన వారం బోగోలులో ఒక బొమ్మను చూశాను. మనిషంత పొడుగు, రబ్బరు ఒళ్ళు, తలకు అతికించిన తెల్లజుట్టు. మంచాన పడిన పెద్దవాళ్ళను ఎలా చూసుకోవాలో ఊరివాళ్ళకు నేర్పే తరగతి అది. పక్కకు తిప్పడం, మనిషి లేవకుండానే కింద దుప్పటి మార్చడం, వీపు తుడవడం, అన్నీ ఆ బొమ్మ మీదే. ముందు వరసలోంచి లేచి వచ్చిన ఒక కోడలు బొమ్మ చెయ్యి పట్టుకుని గుంజింది. చెయ్యి భుజం దగ్గర ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. అందరూ నవ్వారు. నేర్పే ఆయన చేతిని మళ్ళీ బిగిస్తూ, బొమ్మతో ఉన్న సౌకర్యమే ఇది, ఎంత నలిపినా ఫిర్యాదు చేయదు అన్నాడు.

నాలుగేళ్ళపాటు ఇలాంటి తరగతుల్లో ఆ బొమ్మ చోట ఒక మనిషి పడుకునేవాడు. ఆయన ఫిర్యాదు చేయడానికే పడుకునేవాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. బుచ్చిరెడ్డిపాలెంలో టీ బంకు దగ్గర నిలబడి, గ్లాసు కింద పెట్టబోతూ పోయాడు. ఒక్కరోజు కూడా మంచాన పడలేదు. మంచాన పడితే ఎలా చూసుకోవాలో జిల్లాలో అన్ని చేతులు ఏ ఒంటి మీద నేర్చుకున్నాయో, ఆ ఒంటికి ఆ సేవ అవసరమే రాలేదు. పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు కూడా. బియ్యం మిల్లులో ఆయన మేస్త్రీ. ధాన్యం బస్తాలు ఎత్తీ దించీ మోకాళ్ళు అరిగాక హమాలీలకు పెద్దగా ఉండేవాడు. తరగతుల్లో ఆడవాళ్ళకు ఆయన పేషెంటు.

ఆ తరగతులను నడిపింది ఒక రిటైరైన నర్సు. మిషను ఆసుపత్రిలో ఉద్యోగమంతా చేసి, పింఛను తీసుకుంటూ కూర్చోలేక ఈ పని మొదలుపెట్టింది. అందరూ సిస్టరమ్మ అనేవారు. ఒక సేవాసంస్థ ఆమెకు ఒక ఆటో, ఒక బ్యానరు ఇచ్చింది. బ్యానరు మీద తెల్లజుట్టు దంపతులు బూట్లు వేసుకుని పచ్చికలో పరుగెత్తుతుంటారు. మా వైపు వాళ్ళు కారని చూడగానే తెలుస్తుంది. పత్రిక తరపున ఆ సభలకు వెళ్ళడం నా వంతు. పెద్దలు మన సంపద అని వేదిక మీది పెద్దమనుషులు నీడలో కూర్చుని చెప్పేవారు. సంపద ఎండలో కూర్చుని వినేది.

తరగతిలో అసలు చిక్కు మంచం దగ్గర వచ్చింది. తిప్పడం చూపించాలంటే ఎవరో ఒకరు పడుకోవాలి. నడిమధ్య మంచం వేసి, ఆరోగ్యంగా ఉన్న మనిషి దాని మీద పడుకుంటే, చుట్టూ జనం నిలబడి ఒళ్ళు తుడవడమంటే మా ఊళ్ళలో అది దేనికి గుర్తో చెప్పక్కర్లేదు. ముసలివాళ్ళు అపశకునమన్నారు. వయసులో ఉన్నవాళ్ళు సిగ్గన్నారు. సిస్టరమ్మ తానే పడుకుంటే నేర్పేవాళ్ళు లేరు. బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వ్యాపారుల హాలులో జరిగిన తరగతిలో కూడా ఆమె మూడుసార్లు అడిగింది. అందరూ పక్కవాళ్ళ వైపు చూశారు. గుమ్మం దగ్గర తువాలు భుజాన వేసుకుని నిలబడిన మనిషి, నేను పడుకుంటా అని లోపలికి వచ్చాడు. వచ్చి, చొక్కా విప్పి మడత పెట్టి, మంచం పట్టెలు చేత్తో నొక్కి చూసి, ఎక్కి పడుకుని, కళ్ళు మూసుకుని అన్నాడు:

“బస్తా రెడీ. ఎత్తుకోండమ్మా.”

ఆ రోజు తరగతి అయ్యాక సిస్టరమ్మ ఆయన్ను మిగతా ఊళ్ళకు కూడా రమ్మంది. వస్తానన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. ఈ బండి సంగం వైపు ఒక ఊరికి పోవాలి. ఆ ఊళ్ళో ఆయన అక్క ఉంది. నీళ్ళగదిలో జారి తుంటి విరిగి మంచాన పడింది. వీపు మీద పుండు లేచిందని ఆ ఇంటి దుప్పట్లు ఉతికే ఆమె చెబితే, ఆ ఊరి నుంచి ధాన్యం తెచ్చిన లారీ మనిషి వచ్చి ఈయనకు చెప్పాడు. తిప్పకుండా ఒకే వైపు పడుకోబెడితే పుండు పడుతుందని, తిప్పితే మానుతుందని ఆ హాలు గుమ్మంలో నిలబడి విన్న మాటే ఆయన్ను మంచం ఎక్కించింది. ఆ మాట అక్క కోడలి చెవిన పడాలి. ఆయనకు కావలసింది అంతే.

మరి తానే వెళ్ళి చెప్పవచ్చు కదా అంటే, వెళ్ళడు. ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని తొమ్మిదేళ్ళయింది. మేనల్లుడి పెళ్ళిలో భోజనాల వేళ పెళ్ళికూతురి వైపువాళ్ళను మొదటి బంతిలో కూర్చోబెట్టారు. మేనమామ అయిన ఈయన ఆకు ముందు కూర్చోబోతుంటే మేనల్లుడే వచ్చి, మామా, నువ్వు మన మనిషివే గదా, రెండో బంతిలో కూర్చో అన్నాడు. మన మనిషి లేచి, తువాలు దులుపుకుని, నేరుగా బస్టాండుకు నడిచాడు. ఆ తర్వాత అక్కే ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి తమ్ముణ్ణి చూసిపోయేది. తుంటి విరిగాక ఆ దారి కూడా మూసుకుపోయింది. ఫోనులో మాట్లాడదామంటే ఆమెకు ఫోను లేదు. మేనల్లుడి ఫోనుకు ఈయన చేయడు.

సిస్టరమ్మ ఆయన తరపున ఒకసారి ఆ ఇంటికి వెళ్ళివచ్చింది. కోడలు మంచి కాఫీ ఇచ్చిందట. పెద్దావిడ కోసం కొత్త పరుపు, మూడు దిండ్లు, తల దగ్గర ఫ్యాను, ఏదీ తక్కువ లేదని చెప్పిందట. లోపలికి మాత్రం రానివ్వలేదు. మా అత్తను మేం బాగానే చూసుకుంటా ఉండాం సిస్టరమ్మా, నర్సు వచ్చిందంటే ఊళ్ళో వేరేగా అనుకుంటారు అని గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. సిస్టరమ్మకు ఇది కొత్త కాదు. ఆమె తరగతులకు వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది ఇళ్ళలో మంచాన పడినవాళ్ళు లేరు. ఉన్న ఇళ్ళవాళ్ళు రారు. వస్తే చూసుకోవడం చేతకాక వచ్చారని ఊరు అనుకుంటుందని భయం.

అలా ఆయన ఊరూరా పడుకోవడం మొదలైంది. నేను చూసినవి పదికి తక్కువ కాదు. ప్రతిచోటా అదే వరస. చొక్కా మడత, పట్టెలు నొక్కడం, బస్తా రెడీ. ఆపైన మూసిన కళ్ళతోనే చేతులను గుర్తుపట్టేవాడు. ఈ చెయ్యి పేడ ఎత్తిన చెయ్యి, దీనికి నేర్పబన్లేదు. ఈ చెయ్యి పెన్ను పట్టిన చెయ్యి, అమ్మాయిని అన్నం తిని రమ్మనండి. చెయ్యి పట్టి లాగితే ఒళ్ళంతా బిగబట్టి కదలకుండా ఉండేవాడు. మూలలు పట్టి లాగితే గోనె చిరుగుతుందని మిల్లులో చెప్పేవాడట, ఇక్కడా అదే చెప్పేవాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, బరువును రొమ్ముకు దగ్గరగా తీసుకుంటే అప్పుడు మెత్తగా దొర్లేవాడు. సిస్టరమ్మ ఇదంతా పుస్తకంలోది చెప్పేది. ఆయన చెప్పేది వేరేగా ఉండేది.

“బరువును మొగుడి మాదిరి దూరం పెట్టబాకండి. బిడ్డ మాదిరి దగ్గర పెట్టుకోండి.”

ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆపైన ఎవరూ చెయ్యి పట్టి లాగేవారు కాదు. సిస్టరమ్మకు ఆ మాట నచ్చేది కాదు. దానితో పని జరగడం మాత్రం నచ్చేది.

పేషెంటుగా ఆయనకు పట్టింపులుండేవి. వీపు తుడిచే నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. అడక్కుండా దుప్పటి తీస్తే కళ్ళు తెరిచి ఉరిమేవాడు. తనను చూపిస్తూ ఈ ముసలాయన అన్నవాళ్ళకు, ముసలాయన ఇంటికాడ ఉండాడు, నేను పేషెంటును అని చెప్పేవాడు. తరగతి అయ్యాక పులిహోర పొట్లాలు పంచితే మొదటి పొట్లం ఆయనకు రావాలి. రెండోది ఇస్తే తీసుకునేవాడు కాదు. ఆకలితో ఆటోలో కూర్చునేవాడు. సంగతి తెలిశాక సిస్టరమ్మ మొదటి పొట్లం తన సంచిలో దాచి ఉంచేది.

బోగోలు వైపు జాలర్లుండే ఒక పట్టపుపాలెంలో తరగతి జరిగిన రోజు గుర్తుంది. ముందుగా మాట్లాడిన ముఖ్య అతిథి, పెద్ద వయసువాళ్ళు రోజూ కొంతసేపు నడవాలి, నడకే మందు అన్నాడు. ముందు కూర్చున్న ముసలామె సముద్రం దగ్గర చేపలు గంపకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి అమ్మే మనిషి. ఆమె నిలబడి, నడవమంటారా నాయనా, నెత్తిన గంపతోనా, గంప లేకుండానా అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అతిథి కాగితం వైపు చూసుకున్నాడు. కాగితంలో గంప సంగతి లేదు. మంచం మీదున్న ఈయన కళ్ళు తెరవకుండానే, గంప ఆయన నెత్తిన పెట్టక్కా, నువ్వు వెనకాల నడువు అన్నాడు. ఆ అతిథి మళ్ళీ ఏ తరగతికీ రాలేదు. తరగతులు ఆ మేరకు బాగుపడ్డాయి.

ఇన్ని ఊళ్ళు తిరిగినా ఆయన అడిగిన ఊరికి మాత్రం బండి పోలేదు. తరగతి పెట్టాలంటే ఊరి పెద్దలు పిలవాలి. పిలిస్తే ఎవరికి శాలువా కప్పాలో తేలాలి. ఆ ఊళ్ళో ఇద్దరు పెద్దలుండడం వల్ల తేలలేదు. ఒకటికి రెండు శాలువాలు కప్పవచ్చన్న ఉపాయం సిస్టరమ్మకు ఐదో నెలలో తట్టింది. అప్పుడు పిలుపు వచ్చింది.

ఆ రోజు బడి వరండాలో మంచం వేశారు. ఊరి ఆడవాళ్ళు బాగానే వచ్చారు. ఆయన ఎప్పటిలా చొక్కా మడత పెట్టాడు గాని, బస్తా రెడీ అనలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు. గేటు వైపు తల తిప్పి పడుకున్నాడు. సిస్టరమ్మ తిప్పడం చూపించింది. ఇద్దరు ముగ్గురు వచ్చి చేసిపోయారు. ఇంకోసారి చూపించండి, వెనకాల వాళ్ళకు కనపళ్ళేదు అన్నాడాయన. చూపించింది. గేటు లోపలికి ఒక మేక వచ్చింది. మరోసారి అన్నాడు. నాలుగోసారి తిప్పేసరికి ముందు వరసలో వాళ్ళు లేచి కొంగులు దులుపుకుంటున్నారు. కోడలు రాలేదు. ఆ ఇల్లు బడికి రెండు వీధుల అవతలే. ఆ రోజు మొదటి పొట్లం చేతికిచ్చినా ఆయన తినలేదు.

నేను అప్పటికే ఫొటో తీసుకున్నాను. మంచం మీద ఆయన, భుజం కింద చేయి వేసి సిస్టరమ్మ, చుట్టూ ఆడవాళ్ళు. నమూనా రోగికి సేవలు చేసి చూపుతున్న శిక్షకురాలు అని కింద రాసి పంపాను. పత్రికలో ఎప్పుడూ చోటు చాలదు. కొయ్యాల్సి వచ్చినప్పుడు దేన్ని కోస్తారో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను కనిపెట్టలేకపోయాను. ఆ రాత్రి డెస్కులో నమూనా అన్న మాట పోయింది. తెల్లారేసరికి మేస్త్రీ జిల్లా మొత్తానికి రోగి అయిపోయాడు.

ఆ ఉదయం మిల్లు హమాలీలు బత్తాయిలు, రొట్టె తీసుకుని ఆయన గదికి వెళ్ళారట. గదికి తాళం ఉంది. టీ బంకు దగ్గర ఉన్నాడని తెలిసి అక్కడికి వెళితే, నిలబడి టీ తాగుతున్నాడు. తెచ్చినవి వెనక్కి తీసుకుపోలేక, అక్కడే ఒలుచుకుని అందరూ కలిసి తిన్నారు. పేషెంటుకు బాగానే ఉంది, తెచ్చినోళ్ళకే నీరసంగా ఉంది అని ఒకడు అన్నాడని తర్వాత చెప్పారు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ నాకు ఫోను చేశాడు. తిట్టడానికే అనుకుని ఎత్తాను. రేపటి పేపర్లో సవరణ వేయిస్తానని నేనే ముందుగా అన్నాను.

“ఈ పేపరు సంగం పక్క పోతాదా సార్?”

పోతుందన్నాను.

“అయితే సవరణ వేయబాకండి. మూణ్ణాళ్ళాగండి.”

ఆయన లెక్క నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా వైపు ఎంత పగ ఉన్నా, ఎన్నేళ్ళుగా మాటలు లేకపోయినా, మనిషి మంచాన పడ్డాడని తెలిస్తే పలకరించి రావాలి. రానివాళ్ళను ఊరు ఒప్పుకోదు. పెళ్ళికి పిలవకపోయినా ఫర్వాలేదు గాని, పలకరింపుకు పోకపోతే తప్పు. మేనమామ మంచాన పడితే మేనల్లుడు కదలక తప్పదు. అతను కదిలితే భార్యనూ తీసుకురావాలి. ఆమె బడికి రాకపోతే బడే ఆమె వచ్చే చోటికి వెళుతుంది. అందుకు ఈయన మూడు రోజులు గదిలో పడుకోవాలి.

జరిగిన తప్పు మర్నాడే దిద్దాలన్నది మా వృత్తిలో నియమం. దాన్ని నేను తెలిసి వాయిదా వేసింది అదొక్కసారే.

సిస్టరమ్మను ఒప్పించడం కష్టమైంది. నేను అబద్ధం చెప్పను అంది. చెప్పబన్లేదు, వచ్చి మంచం పక్కన నిలబడితే చాలు అన్నాడాయన. తప్పు రాసినవాళ్ళు కూడా నిలబడాలని ఆమె నాకు ఫోను చేసింది. అలా మూడో రోజు పొద్దున, మిల్లు వెనక ఉన్న ఆ ఒంటిగదిలో మేం ముగ్గురం ఉన్నాం. పదిగంటల వేళ మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

మేనల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడకున్న క్యాలెండరు చూశాడు. అతని భార్య మంచం దగ్గరికి వచ్చి, చిన్నాయనా అని పిలిచి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తెచ్చిన పళ్ళ సంచి కింద పెట్టింది. ఎన్నాళ్ళ నుంచి అని సిస్టరమ్మను అడిగింది. సిస్టరమ్మ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా, ఆ తర్వాత అన్నీ నిజాలే చెప్పింది. మంచాన పడిన మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. తిప్పకపోతే ఎముక ఆనిన చోట చర్మం చస్తుంది. ఎంత మెత్తటి పరుపైనా తిప్పడానికి బదులు కాదు. ఇదిగో, ఇప్పుడు తిప్పే వేళయింది, నువ్వు పట్టుకో తల్లీ.

ఆమె కాదనలేకపోయింది. పలకరింపుకు వచ్చినవాళ్ళు మంచం మీది మనిషికి చెయ్యి సాయం చేయనని అనలేరు. బిగించి కొంగు దోపుకుంది. ఆయన చెయ్యి పట్టి లాగబోయింది. ఆయన మూలుగుతూ ఉన్నవాడు అలవాటు కొద్దీ మూలుగు ఆపి, లాగబాక తల్లీ, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి అన్నాడు. అని మళ్ళీ మూలిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె మోకాళ్ళు వంచి, ఆయన్ను తన వైపు దగ్గరగా తీసుకుని, రెండో వైపుకు తిప్పింది. బాగా తిప్పింది. సిస్టరమ్మ గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ పిండి చేతికిచ్చింది. ఆమె వీపు తుడవసాగింది.

కొంతసేపటికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ వీపు బస్తాలు మోసి గట్టిపడిన వీపు. భుజాల దగ్గర కాయలు కాచి ఉంది. మిగతా అంతా నున్నగా, ఎండకు నల్లబడి ఆరోగ్యంగా ఉంది. ఆమె గుడ్డను గిన్నెలో వేసి నిలబడింది.

“చిన్నాయనా, ఇది మంచాన పడిన వీపు కాదు. ఆ వీపు ఎట్టుంటాదో నాకు తెలుసు. రోజూ చూస్తా ఉండా.”

మేనల్లుడికి ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై, ఏంది మామా ఈ నాటకం అని ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నవాడు అలాగే ఉండి, తెలిసి కూడా ఎందుకు తిప్పలేదని అడిగాడు. కోపంగా అడగలేదు. తరగతిలో అడిగినట్టే అడిగాడు.

“డాక్టరు కదలకూడదన్నాడు. అయినా ఒకసారి కదిలించి చూసినా. అరిచింది. అరిస్తే పక్కిళ్ళు వింటాయి చిన్నాయనా. కోడలు కొడతా ఉందనుకుంటారు. అరవకుండా ఎట్ట తిప్పేదో ఆ బడిలో చెప్పినారా? చెప్పుంటే మీరొచ్చి చూపించండి.”

బడిలో అది చెప్పలేదు. ఏ ఊళ్ళోనూ చెప్పలేదు. ఆయన ఎప్పుడూ అరవలేదు, అందువల్ల ఎవరికీ ఆ సందేహం రాలేదు. సిస్టరమ్మ తల వంచుకుంది.

ఆయన లేచి కూర్చున్నాడు. రమ్మన్నది కోడలు. పోవలసింది ఆ గడప లోపలికి. మేనల్లుడి వైపు చూశాడు. అతను మళ్ళీ క్యాలెండరు చూస్తున్నాడు. పిలుస్తాడేమోనని కొంతసేపు ఆగాడనిపించింది. అతను పిలవలేదు. పిలవకపోతే పోకూడదన్న మనిషి, మడత పెట్టి ఉన్న చొక్కా తీసి తొడుక్కుని, బొత్తాలు సరిగ్గా పెట్టుకోకుండానే వచ్చి నా బండి వెనక కూర్చున్నాడు. కోడలూ మేనల్లుడూ ముందు పోయారు, సిస్టరమ్మ ఆటోలో వెనకాల వచ్చింది.

ఆ ఇంటి ముందు బండి ఆపగానే దిగి లోపలికి నడిచాడు. తొమ్మిదేళ్ళ ఒట్టు అలా చెప్పులతోనే దాటిపోయింది.

అక్క నడిమింట్లో వెల్లకిలా పడుకుని ఉంది. చిన్న మనిషి. తమ్ముడు కూడా మంచాన పడ్డాడని ఇంట్లోవాళ్ళు ఆమెకు చెప్పి ఉన్నారు. నడిచి వచ్చిన మనిషిని చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. పైకప్పు చూస్తున్న కళ్ళు కొంచెం పక్కకు తిప్పి, బొత్తాలు సరిగా పెట్టుకోరా అంది. ఆయన పెట్టుకున్నాడు. సిస్టరమ్మ దుప్పటి తొలగించి వీపు కింద చెయ్యి పెట్టి చూసి, పక్కకు తిప్పమని ఆయనకు సైగ చేసింది. ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టాడు.

“కదిలించబాకరా. నొప్పి.”

ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎంత బరువుకూ వెనకాడని చేతులు. ఇన్ని ఊళ్ళ ఆడవాళ్ళను భయపడబాకండి, తిప్పండి అని గదిమిన మనిషి. చేతులు వెనక్కి తీసుకుని, తువాలు నోటికి పెట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

కోడలు కొంగు దోపుకుంది. అత్తను రొమ్ముకు దగ్గరగా తీసుకుంది. గంట కిందట ఆయన మీద నేర్చుకున్నది తప్పు లేకుండా చేసింది. పెద్దావిడ అరిచింది. చిన్న మనిషైనా గట్టిగానే అరిచింది. పక్కింటి ప్రహరీ మీదుగా ఒక తల లేచింది. కోడలు ఆగలేదు. తిప్పుతూనే ఆ తల వైపు చూసి, అత్తను తిప్పతా ఉండాం అక్కా, రా, వచ్చి చూడు అంది. వచ్చి చూడమన్నాక తల దిగిపోయింది.

పెద్దావిడ ఇప్పుడు కిటికీ వైపు తిరిగి ఉంది. సిస్టరమ్మ వీపు చూసి, మందు వేసి, దిండు ఆనించింది. అరుపు మూలుగుగా మారి, మూలుగు కూడా తగ్గింది. ఆరు నెలల తర్వాత ఆమెకు పైకప్పు కాకుండా ఇంకొకటి కనిపించింది. కిటికీలోంచి పెరడు, పెరట్లో కొట్టం. ఆమె చాలాసేపు చూసింది.

“గేదె ఎప్పుడీనింది మే?”

“నెల దాటింది అత్తా” అంది కోడలు.

“నాకు చెప్పలేదే.”

కోడలు దుప్పటి సర్దింది. పరుపు, దిండ్లు, ఫ్యాను, వేళకు పాలు, ఏదీ తక్కువ చేయని మనిషి. ఆ పాలు ఎక్కడివో పెద్దావిడకు చెప్పాలని తోచలేదు. అడగాలని పెద్దావిడకూ తోచలేదు.

“పెయ్యా, దున్నా?” అని మళ్ళీ అడిగింది.

“పెయ్యే అక్కా” అన్నాడు కిటికీ దగ్గరున్న ఆయన, ఇటు తిరగకుండానే.

కోడలు అందరికీ కాఫీ పెట్టింది. మేనల్లుడు వరండాలోనే కూర్చుని తాగాడు. సవరణకు ఏం రాయాలా అని నేను చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలు కాగానే సిస్టరమ్మ గడియారం చూసి, ఇక ఇటు తిప్పాలి, వేళ తప్పకూడదు అంది. కోడలు లేచి కొంగు దోపుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ కళ్ళు కిటికీలోంచి తీయకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

“కదిలించబాక. దూడ ఇంకా తాగతా ఉండాది.”